గచ్చు, జంపఖానా, బంతి: మేనకోడలికి మావయ్య ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య దీవెనలు. బంతి ఎంత ఎత్తు లేస్తుందన్నది దేన్నిబట్టి ఉంటుందో, అదే సైన్స్ ఎగ్జిబిషన్‌కి ప్రాజెక్టుగా తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చార్టు మీద ఏ బొమ్మలు వెయ్యాలని కూడా అడిగింది. చార్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు బంతి పట్టుకో.

ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పినవాణ్ని కదా, నా తప్పుతోనే మొదలుపెడతాను. ఒకసారి మా బడి కుర్రాణ్ని ఇదే ప్రాజెక్టుతో పోటీకి తీసుకెళ్లాను. వారం రోజులు వరండా గచ్చు మీద ప్రాక్టీసు చేశాడు, రీడింగులన్నీ కంఠతా వచ్చేశాయి. తీరా వెళ్తే అక్కడ స్టేజీ చెక్కబల్లలది, పైన మందంగా మడతపెట్టిన జంపఖానా. బంతి వదిలాడు. మోకాలి దాకా కూడా రాలేదు. వాడు నా మొహం చూశాడు, నేను జంపఖానా చూశాను. వారమంతా బంతి గురించే ఆలోచించాం, నేల ఊసే ఎత్తలేదు.

బంతి నేలకి తగలగానే నొక్కుకుపోతుంది, మళ్లీ సాగుతుంది. ఆ సాగడమే దాన్ని పైకి తంతుంది. ఈ నొక్కుడులో కొంత శక్తి వేడిగా, చప్పుడుగా పోతుంది, కొంత నేల తీసుకుంటుంది. గచ్చు మంచి బాకీదారు, తీసుకున్నది దాదాపు తిరిగిచ్చేస్తుంది. ఇసుక మొత్తం మింగేస్తుంది. పేడతో అలికిన నేల ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఎక్కడన్నది నువ్వే కొలిచి నాకు రాయి. టేబుల్ టెన్నిస్ నియమాల్లో ఒక మాట ఉంది: 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి సుమారు 23 సెంటీమీటర్లు లేవాలి. చూశావా, అది బంతికి కాదు, బల్లకి పెట్టిన పరీక్ష. అందుకే బరువైన నాపరాయి పలక ఒకటి మీ నాన్నచేత మోయించుకెళ్లు. ఏం తీసుకొచ్చావని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

బరువైన బంతి తక్కువ లేస్తుందనీ, మెత్తగా ఉన్నదే ఎక్కువ లేస్తుందనీ పిల్లలు చూడకుండానే రాసేస్తారు. గాజు గోలీని నాపరాయి మీద వదులు. అదే సైజులో తడిమట్టి ఉండ చేసి దాన్నీ వదులు. గోలీ గట్టిది, అయినా టింగుమని లేస్తుంది. మట్టి మెత్తనిది, అతుక్కుపోతుంది. ఎంత మెత్తన అన్నది కాదు లెక్క, నొక్కుకుపోయాక ఎంతవరకు మళ్లీ తన ఆకారానికి వస్తుందన్నది.

ఇప్పుడు కొలత. నిలబడి పైనుంచి చూస్తూ స్కేలు చదివితే ప్రతిసారీ తప్పే. గోడకి టేపు అంటించు. ఒకసారి ఊరికే వదిలి ఎక్కడిదాకా వస్తోందో చూసుకో. తర్వాత కన్ను సరిగ్గా ఆ ఎత్తులో పెట్టుకుని, బంతి అడుగు భాగాన్నే చదువు. వదిలేటప్పుడూ అడుగు భాగమే లెక్క. తొయ్యకూడదు, తిప్పకూడదు, వేళ్లు తెరవాలి అంతే. ఒక్కో ఎత్తు నుంచి పదేసి సార్లు వదులు. నచ్చని రీడింగు వస్తే కొట్టెయ్యకు, పక్కన చుక్క పెట్టి ఉంచు.

నాకిష్టమైన పద్ధతి ఇంకొకటి ఉంది, కళ్లతో పనే లేదు. ఫోన్లో చప్పుడు రికార్డు చెయ్యి. బంతి మొదటిసారి తగిలిన ‘టక్’కీ రెండో ‘టక్’కీ మధ్య ఎన్ని సెకన్లో చూడు. ఆ అంకెని దానితోనే గుణించి, మళ్లీ 1.23తో గుణిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. 0.9 సెకన్లు వస్తే దాదాపు ఒక మీటరన్నమాట. ఈ 1.23 ఎక్కడిదని జడ్జీ తప్పకుండా అడుగుతాడు. గురుత్వ త్వరణం 9.8ని 8తో భాగించి చూపించు. ఉన్న సమయంలో సగం పైకి వెళ్లడానికి, సగం కిందికి రావడానికి. ఆ సగాన్ని దానితోనే గుణిస్తే నాలుగో వంతు, పడే ఎత్తు సూత్రంలో ఇంకో సగం ఉంది, అందుకే ఆ 8. అడిగేది ఒడియాలో అడుగుతారు కాబట్టి బంతిని ‘పెండు’ అనే చెప్పు, ఆ మాట దగ్గర తడబడకు.

టెన్నిస్ బంతికైతే పక్కా లెక్క ఉంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య లెక్క ప్రకారం 254 సెంటీమీటర్ల నుంచి కాంక్రీటు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి. అంటే సగానికి కొంచెం పైన. మీ వీధి కుర్రాళ్లు బాది బాది బొచ్చు రాలగొట్టిన బంతిని కొత్త బంతితో పోల్చి చూడు. ఎత్తు పెంచేకొద్దీ లేచే శాతం కాస్త తగ్గుతుంది, కంగారుపడకు, అది నీ తప్పు కాదు.

ఇక చలి. మీ కోరాపుట్‌లో పుష్యమాసం పొద్దున్నకీ మధ్యాహ్నానికీ ఎంత తేడానో నీకే బాగా తెలుసు. చల్లబడితే లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది, రబ్బరు బిగుసుకుంటుంది, బంతి మొద్దుబారుతుంది. పొద్దున్న సగం రీడింగులు, ఎండలో సగం తీస్తే నువ్వు కొలిచింది బంతినో చలినో చెప్పలేవు. ఆ తేడానే చూపించాలంటే ఒక బంతిని రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టు, తీశాక చెమ్మ తుడిచి వెంటనే వదులు. ఇంకొకటి ప్లాస్టిక్ కవరులో కట్టి వేడినీళ్లలో ఉంచు. మరిగించకు.

మీ ఊరు 800 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, బయటి గాలి ఒత్తిడి తీరప్రాంతం కంటే దాదాపు పదో వంతు తక్కువ. మూతపడిన బంతి లోపలి గాలికి అక్కడ కాస్త బలం ఎక్కువ, కొంచెం ఎక్కువే లేస్తుంది. అందుకే 1,219 మీటర్లు దాటిన ఊళ్లకి టెన్నిస్‌లో వేరే రకం బంతి ఉంది. ఒకే కంపెనీ బంతులు రెండు కొని ఒకటి నాకు పంపు, ఇక్కడ నేనూ కొలుస్తాను.

చివర్లో జడ్జీలకి ఒక తమాషా చూపించు. గాలి బాగా నింపిన ఫుట్‌బాల్ మీద టెన్నిస్ బంతి పెట్టి, రెండూ కలిపి ఒకేసారి వదులు. కిందది పైదాన్ని తన్నేస్తుంది, చిన్నది వదిలిన ఎత్తు దాటి ఎగిరిపోతుంది. నిటారుగా పడేదాకా చాలాసార్లు ప్రయత్నించాలి. ఇంట్లో మాత్రం ట్యూబులైటు కింద చెయ్యకు, పోయినసారి మీ అత్త వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇట్లు,
మావయ్య