క్యాలరీల లెక్క తర్వాత, ముందు ఆ థైరాయిడ్ మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 36, ఎత్తు 158 సెంటీమీటర్లు. రెండున్నర నెలల క్రితం 83 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 74. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజుకు 900 క్యాలరీలు దాటకుండా తింటున్నాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో గంట నడక, వారంలో మూడు సాయంత్రాలు కైలాసగిరి మెట్లు. అయినా నెల రోజులుగా బరువు కదలడం లేదు. తిండి 700కి తగ్గించాలా, ఇంకో గంట నడవాలా? నడకలో 500 క్యాలరీలు ఖర్చయ్యాయని వాచీ చూపిస్తోంది, అంత అదనంగా తినొచ్చా? మా వదిన వాడే 100 థైరాయిడ్ మాత్ర వేసుకుంటే త్వరగా తగ్గుతారని విని, ఆరు వారాలుగా నేనూ వేసుకుంటున్నాను. జుట్టు రాలుతోందని బయోటిన్ కూడా వాడుతున్నాను. ఈమధ్య కాస్త గుండె దడ, చేతుల వణుకు ఉన్నాయి. ఈ నెల నెలసరి రాలేదు.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఆ థైరాయిడ్ మాత్ర ఈ రోజే ఆపేయండి. 700 తినాలా, 900 తినాలా అన్నది ఆ తర్వాతి సంగతి.

మీకు థైరాయిడ్ జబ్బు ఉందని గానీ, ఏ డాక్టరైనా ఆ మాత్ర రాశారని గానీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. డాక్టరు రాసిన మాత్ర వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి తమది ఆపకూడదు, వాళ్ల విషయం వేరు. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేస్తున్న మనిషి పైనుంచి లెవోథైరాక్సిన్ (ఆ మాత్రలో ఉండే థైరాయిడ్ హార్మోన్) వేసుకుంటే గుండె వేగం పెరుగుతుంది, ఒక్కోసారి లయ తప్పుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, నెలసరి గతి తప్పుతుంది, జుట్టు కూడా రాలొచ్చు. ఎక్కువకాలం వాడితే ఎముకలు బలహీనపడతాయి. తగ్గే బరువులో కొవ్వు మాత్రమే కాదు, కండ కూడా పోతుంది. బరువు తగ్గడానికి దీన్ని వాడకూడదని అమెరికాలో ఈ మందు లేబుల్ మీద ప్రత్యేకంగా గడి గీసి మరీ హెచ్చరిక ముద్రిస్తారు. మీరు "కాస్త దడ" అని రాశారు. ఆ దడతోనే గంట నడిచి, సాయంత్రం ఈ ఉక్కపోతలో కైలాసగిరి మెట్లెక్కుతున్నారు. నన్ను భయపెట్టింది అదే.

ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఓపీలో రోజూ చూస్తున్నాను. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, ఇప్పుడు థైరాయిడ్ మాత్ర. మీ వదినగారికి 100 మైక్రోగ్రాములు ఆవిడ రక్తపరీక్ష చూసి రాసి ఉంటారు. అది ఆవిడకు మందు. మీకు కాదు. చదువుకున్నవారు, క్యాలరీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినవారు, మాత్ర విషయంలో ఒక్క పరీక్ష కూడా చేయించుకోకుండా ఆరు వారాలు గడపడం నాకు బాధ కలిగించింది. కోప్పడుతున్నానని అనుకోకండి.

మాత్ర మానేసిన మర్నాడే దడ తగ్గదు. శరీరంలో ఉన్న మందు సగానికి రావడానికే సుమారు వారం పడుతుంది. కాబట్టి ఫిజీషియన్ చూసి సరేననే వరకు మెట్లు వద్దు, వేగం నడక వద్దు. ఇంటి దగ్గర నిదానంగా నడవండి చాలు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె ఎగుడుదిగుడుగా కొట్టుకోవడం – వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.

నెలసరి తప్పింది కాబట్టి, గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. తిండి బాగా తగ్గించినా నెలసరి ఆగుతుంది, కానీ అదే కారణమని మనంతట మనమే తేల్చేసుకోకూడదు. ఆ తర్వాత థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలు, హిమోగ్లోబిన్, షుగర్, పొటాషియం, ఒక ఈసీజీ. ఇక్కడ ఒక మెలిక ఉంది. బయోటిన్ వాడుతుంటే కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు అది ఆపి, వాడిన సంగతి ల్యాబ్‌లో చెప్పండి. మాత్ర ఆపిన ఆరు వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాల్సి రావచ్చు.

ఇక మీ ప్రశ్న. మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 29.6. భారతీయులకు 25 దాటితే ఊబకాయం కింద లెక్క. అంటే తగ్గాలనుకోవడం సరైన నిర్ణయమే, పట్టిన దారి సరిగ్గా లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో, పెద్దగా శ్రమలేని 55 కిలోల స్త్రీకే రోజుకు దాదాపు 1660 క్యాలరీలు కావాలి. మీరు 74 కిలోలు, పైగా నడుస్తున్నారు. 900 చాలా తక్కువ. 800 కంటే కిందికి వెళ్లేది డాక్టర్ల పర్యవేక్షణలో మాత్రమే. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది. మీలాంటి చాలామందికి 1300 నుంచి 1500 మధ్య సరిపోతుంది. మీకు ఎంతో రిపోర్టులు చూసిన డాక్టరు, డైటీషియన్ చెప్పాలి. వారానికి అర కిలో తగ్గినా బాగా తగ్గినట్టే.

వాచీ చూపించే 500ని నమ్మి తినకండి. మీ బరువుకు గంట చురుకైన నడకలో ఖర్చయ్యేది సుమారు 250 నుంచి 300. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసి ఉంటుంది. బీచ్‌లో ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు తింటే ఆ గంట దాదాపు చెల్లిపోతుంది. యాప్‌లో రాసుకునేటప్పుడు కూరలో నూనె, పచ్చడి మీద తేలే నూనె చాలామంది వదిలేస్తారు. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 క్యాలరీలు ఉంటాయి. బరువు ఆగిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. శరీరం తేలికయ్యే కొద్దీ దాని అవసరం తగ్గడం ఇంకో కారణం. అయితే థైరాయిడ్ మాత్ర ఒంట్లో ఉన్నంతకాలం మీ కాటా అంకె మీద నేను ఏ అభిప్రాయమూ చెప్పను.

మీరు ఏం తింటున్నారో రాయలేదు గానీ, 900లో ప్రొటీన్ సరిపడా ఉంటుందని అనుకోను. మూత్రపిండాల సమస్య లేకపోతే రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. రెండు గుడ్లలో 12 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 వస్తాయి. వంజరమే కానక్కర్లేదు, కానాగంతల పులుసైనా చాలు, వేపుడు కాకుండా. శాకాహారులైతే పప్పు, పెరుగు, సెనగలు, సోయా. దడ పూర్తిగా తగ్గి, డాక్టరు ఒప్పుకున్నాక వారానికి 150 నిమిషాల నడకతో మొదలుపెట్టండి. ఇంకో గంట నడిచే బదులు వారంలో రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు పుషప్‌లు లాంటి కండకు పని చెప్పే వ్యాయామాలు చేయండి.

మిమ్మల్ని చూడకుండా, నాడి పట్టుకోకుండా రాస్తున్న జవాబు ఇది. దీన్నే వైద్యం అనుకోకండి. రెండు మూడు రోజుల్లో ఫిజీషియన్‌ని కలవండి. ప్రైవేటుకు వెళ్లలేకపోతే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ ఉంది. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్, బయోటిన్ డబ్బా రెండూ వెంట తీసుకెళ్లండి. ఎన్ని రోజులు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.