సెకండ్ హ్యాండ్ పారామోటార్ ఫుల్ థ్రాటిల్‌లో ముక్కుతుంటే ముందు ఏం చూడాలి

కర్నూలు నుంచి అడిగిన అన్నకి. మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది: 185 సీసీ పారామోటార్ (వీపుకి తగిలించుకుని, పారాచూట్ లాంటి రెక్కతో ఎగరడానికి వాడే ప్రొపెల్లర్ ఇంజన్) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఎండాకాలం, ఆషాఢం గాలులు అయ్యేదాకా షెడ్డులో పెట్టేశారు, ఇప్పుడు తాడు లాగితే స్టార్ట్ అవుతోంది, ఐడిల్ బాగుంది, ఫుల్ థ్రాటిల్ ఇస్తే మాత్రం ముక్కి ఆగిపోతోంది. మీ వీధి మెకానిక్ "ఇది కూడా ఆర్‌ఎక్స్ 100 లాంటిదే, ప్లగ్ మార్చి కార్బురేటర్‌కి గాలి కొడితే సరిపోతుంది" అన్నాడు. ఆయన మాట నమ్మాలా, మామూలుగా మెయింటెనెన్స్ ఏం చెయ్యాలి అని అడిగారు.

నేను అనంతపురంలో టూ స్ట్రోక్ బండ్లు రిపేర్ చేస్తాను. చుట్టుపక్కల చెనక్కాయ పీకేసిన చేలల్లో ఎగిరే కుర్రాళ్లు తమ పారామోటార్లు కూడా నా దగ్గరికే తెస్తారు. ఎగిరిన గంటలు లెక్కపెట్టుకుని బుక్కులో ఉన్నట్టు సర్వీస్ చేయిస్తే చాలనుకుంటారు చాలామంది. కానీ మన దగ్గర ఈ ఇంజన్లు ఎగిరి పాడయ్యేదానికంటే ట్యాంకులో పెట్రోల్‌తో పడుండి పాడయ్యేదే ఎక్కువ. మీ బండి విషయంలో కూడా నా అనుమానం అదే.

ఆర్‌ఎక్స్‌లో ట్యాంకు పైన ఉంటుంది, పెట్రోల్ దానంతటదే కార్బురేటర్‌లోకి దిగుతుంది. పారామోటార్‌లో ట్యాంకు అడుగున, కార్బురేటర్ పైన. పిస్టన్ ఆడేటప్పుడు క్రాంక్ కేసులో (పిస్టన్ కింద ఉండే గదిలో) పుట్టే ఒత్తిడితో కార్బురేటర్‌లో ఒక పల్చటి పొర కొట్టుకుంటూ పెట్రోల్‌ని పైకి లాక్కుంటుంది. ఇంకోవైపు ఇంకో పొర ఉంటుంది, లోపలికి ఎంత పెట్రోల్ వదలాలో అది చూసుకుంటుంది. ఈ పొరలనే డయాఫ్రమ్‌లు అంటారు, ఇవి గట్టిపడితే ఐడిల్‌లో తెలియదు, ఎందుకంటే ఐడిల్‌కి కావాల్సిన పెట్రోల్ చాలా తక్కువ. థ్రాటిల్ పూర్తిగా నొక్కగానే సరఫరా చాలదు, ఇంజన్ ముక్కుతుంది. ప్లగ్ మార్చినా ఇది పోదు.

ముందు ఖర్చు లేని పని చెయ్యండి. ట్యాంకు నుంచి కార్బురేటర్‌కి పోయే ట్యూబు చూడండి. ఒకరు మోటార్ భుజాలకి తగిలించుకుని నిలబడి థ్రాటిల్ ఇవ్వాలి, ఇంకొకరు ముందువైపు నుంచి మాత్రమే చూడాలి, ప్రొపెల్లర్ తిరిగే వరసలో ఎవరూ ఉండకూడదు. ట్యూబులో సన్న బుడగలు వరసగా పరుగెడుతుంటే గాలి లాగుతోందని అర్థం. మన ఎండకి ట్యూబు పసుపురంగుకి తిరిగి బిరుసెక్కుతుంది, చివర్లలో క్లిప్పు కింద కంటికి కనపడనంత చీలిక వస్తుంది. అక్కడ పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే తడి కోసం వెతికితే దొరకదు. ట్యూబు మొత్తం మార్చెయ్యండి, ట్యాంకులో ఉండే ఫిల్టర్ కూడా. క్రాంక్ కేసు నుంచి కార్బురేటర్‌కి ఆ ఒత్తిడి (పల్స్) తెచ్చే చిన్న గొట్టం మీ మోడల్లో ఉంటే దాన్ని కూడా చూడండి.

బుడగలు లేకపోతే కార్బురేటర్ విప్పాలి. విప్పే ముందు ఎడ్జస్ట్‌మెంట్ స్క్రూలు ఎన్ని చుట్లు తెరిచి ఉన్నాయో మెల్లగా లోపలికి తిప్పి రాసుకోండి, ప్రతి పొర తీసేటప్పుడు ఫోన్లో ఫొటో తీసుకోండి, ఎందుకంటే గాస్కెట్ ముందా డయాఫ్రమ్ ముందా అన్నది రెండువైపులా ఒకేలా ఉండదు. తీసిన డయాఫ్రమ్‌ని వెలుతురుకి పట్టి వేళ్లతో కొంచెం మడవండి. బాగున్నది మెత్తగా వాలిపోతుంది. పాడైనది చిటపటమని చప్పుడు చేస్తూ వంగిన చోటే వంగి ఉండిపోతుంది, మధ్యలో ముడతలు కూడా కనిపిస్తాయి. అలా ఉంటే కిట్ (డయాఫ్రమ్‌లు, గాస్కెట్ల సెట్టు) మొత్తం మార్చండి. లోపల చిన్న జల్లెడ ఉంటుంది, దాంట్లో పసుపురంగు జిగురు పట్టి ఉంటే కార్బురేటర్ క్లీనర్‌తో కడగండి. ఇక్కడ మీ మెకానిక్‌ని ఒక్క విషయంలో గట్టిగా ఆపాలి: జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోయిందని క్లచ్ వైరు పోగు పెట్టి పొడవనివ్వొద్దు, ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఇక సెట్టింగ్ కుదరదు. డయాఫ్రమ్‌లు లోపల ఉండగా కంప్రెసర్ గాలి కూడా కొట్టనివ్వొద్దు.

ఇదంతా ఎందుకు ఇంత తొందరగా పాడవుతోంది అంటే పెట్రోల్ వల్ల. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ రావడం మొదలైంది, ఇప్పుడు మామూలు బంకుల్లో దాదాపు అదే దొరుకుతోంది. ఇథనాల్ పాత రబ్బరుని పాడుచేస్తుంది, గాల్లోని తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకి దిగి వేరే పొరగా నిలబడతాయి, మీరు కలిపిన టూ స్ట్రోక్ ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి లాక్కునే ఇంజన్‌కి అప్పుడు వెళ్లేది ఆయిల్ లేని ద్రవం, ఇంజన్ ఆగకుండా తిరిగిందంటే పిస్టన్ పట్టేస్తుంది. అనుమానం ఉంటే సన్నటి గాజు సీసాలో కొన్ని నీళ్లు పోసి గీత పెట్టండి, పైన ఆయిల్ కలపని పెట్రోల్ పోసి ఊపి కాసేపు కదపకుండా ఉంచండి. కింది పొర గీత దాటి పైకొస్తే ఆ పెరిగినదంతా ఇథనాలే.

అందుకే కలిపిన పెట్రోల్ నిలవ ఉంచొద్దు. ఆ వారం ఎగరడానికి కావాల్సినంతే కలపండి, మిగిలితే బైకులో పోసేయండి, టూ స్ట్రోక్ బైకైతే ఇంకా మంచిది. ఆయిల్ కొలపాత్రతోనే పోయండి, 2.5 శాతం అంటే లీటరుకి 25 మిల్లీలీటర్లు, మీ ఇంజన్ బుక్కు 2 శాతం అంటే 20. ఫుల్లీ సింథటిక్, డబ్బా మీద జాసో ఎఫ్‌డి (టూ స్ట్రోక్ ఆయిల్‌కి జపాన్ వాళ్ల నాణ్యత గ్రేడు) అని ఉన్నదే వాడండి. ఆర్‌ఎక్స్ ఊళ్లో తిరిగేటప్పుడు థ్రాటిల్ మీద గంట సేపు నిలకడగా ఉండదు, మీ ఇంజన్ టేకాఫ్ దగ్గర్నుంచి పైకెక్కేదాకా నిమిషాల తరబడి పూర్తి లోడు మీద ఉంటుంది, వెనక ప్రొపెల్లర్ ఒక్క క్షణం కూడా దాన్ని వదలదు.

కార్బురేటర్ సెట్టింగ్ గురించి కూడా ఒకటి చెప్పాలి, దీన్ని చాలామంది తిరగేసి అనుకుంటారు. ఎండకి ఇంజన్ వేడెక్కుతుంది కాబట్టి ఎండాకాలమే ప్రమాదం అంటారు. వేడి గాలి పల్చగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి అదే సెట్టింగ్‌లో మిశ్రమం కొంచెం రిచ్ (గాలికి పెట్రోల్ ఎక్కువ) అవుతుంది, పవర్ తగ్గుతుంది కానీ పిస్టన్‌కి అంత ముప్పు లేదు. మే నెల మధ్యాహ్నం సెట్ చేసిన కార్బురేటర్‌తో డిసెంబర్ తెల్లవారుజామున ఎగిరితేనే ముప్పు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, మిశ్రమం లీన్ (గాలికి పెట్రోల్ తక్కువ, దాంతో పిస్టన్ మరీ వేడెక్కుతుంది) అవుతుంది, పైగా ఇథనాల్ పెట్రోల్ వల్ల ముందే కొంచెం లీన్‌గా ఉంటుంది. సీజన్ మారినప్పుడల్లా సెట్టింగ్ మళ్లీ చూసుకోండి, సిలిండర్ హెడ్ టెంపరేచర్ మీటరు లేకపోతే పెట్టించుకోండి. ఫుల్ థ్రాటిల్ నుంచి నేరుగా ఆపేసి ప్లగ్ తీస్తే లేత గోధుమరంగు ఉండాలి. తెల్లగా ఉంటే ఆ రోజు ఎగరొద్దు. ఐడిల్ దానంతటదే పెరిగిపోతూ ప్లగ్ కూడా తెల్లగా ఉంటే క్రాంక్ సీల్ నుంచో కార్బురేటర్ గాస్కెట్ నుంచో గాలి లాగుతోందని అనుమానించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఈ మోటార్‌లో ఊడిన ప్రతిదీ వెనక్కి పోయి ప్రొపెల్లర్‌కే తగులుతుంది, కాబట్టి సైలెన్సర్ స్ప్రింగులకి సేఫ్టీ వైరు ఉండాలి, రబ్బరు మౌంటులు వేళ్లతో నొక్కి చీలికలు చూడాలి, సైలెన్సర్ వెల్డింగుల దగ్గర నల్లటి మసి గీత కనిపిస్తే అది క్రాక్. బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించాక బోల్టు మీద నుంచి పక్క లోహం మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీయండి, ఎగిరే ముందు చూస్తే గీత విరిగిన బోల్టు వెంటనే తెలిసిపోతుంది. ప్రొపెల్లర్ బోల్టులు కొత్తగా బిగించిన తర్వాత మొదటిసారి ఎగిరొచ్చాక మళ్లీ చూడాలి, చెక్కదైతే వానాకాలం పోగానే తప్పకుండా. చేనులో ఇంజన్ వేడెక్కించేటప్పుడు కింద టార్పాలిన్ పరవండి. చిన్న రాయి తగిలి అంచు చెక్కుకుపోతే బ్యాలెన్స్ పోతుంది, ఆ వణుకుకే సైలెన్సర్ క్రాకులు వస్తాయి. ప్రొపెల్లర్‌ని చేత్తో ముట్టుకునే ప్రతిసారీ ప్లగ్ క్యాప్ పీకేసి ఉండాలి. ఇందులో మాత్రం ఎవరి మాటా వినొద్దు.

మళ్లీ ఎండాకాలం వచ్చి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు పూర్తిగా దించేసి, ఐడిల్‌లోనే తిరగనిచ్చి దానంతటదే ఆగేదాకా ఉంచండి. ప్లగ్ రంధ్రంలో కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ పోసి తాడు మెల్లగా లాగి ప్లగ్ పెట్టెయ్యండి. కార్బురేటర్ కిట్, ఫ్యూయల్ ట్యూబు మాత్రం ఎన్ని గంటలు ఎగిరారన్నది చూడకుండా ప్రతి సీజన్ ముందు మార్చండి, ఇంజన్ రేటు ముందు అవి లెక్కలోకి రావు. డూప్లికేట్ కిట్లు తిరుగుతున్నాయి, పారామోటార్ డీలర్ దగ్గరే తెప్పించుకోండి.

ఇప్పటికి ట్యాంకులో ఉన్న పెట్రోల్ తీసేసి, ట్యూబు మార్చి, ఆ తర్వాత డయాఫ్రమ్‌లు చూడండి, ఇదే వరసలో. అప్పటికీ ముక్కుతుంటే ప్లగ్ ఫొటో, డయాఫ్రమ్ ఫొటో, స్క్రూలు ఎన్ని చుట్లు ఉన్నాయో ఇక్కడ పెట్టండి, రీడ్ వాల్వ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే దారిలో ఉండే రేకుల వాల్వ్) ఎలా చూడాలో అప్పుడు చెప్తాను.