యూరప్‌లో స్నేహితులతో మొదటి రైలు ప్రయాణం: పాస్ కొనాలా, విడి టికెట్లా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న నలుగురు స్నేహితులు మాగ్డెబర్గ్‌లో రైలెక్కి 12 రోజుల్లో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వెనిస్, రోమ్, జ్యూరిక్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చూసి రావాలి. మనిషికి 600 యూరోలు. ఇంటర్‌రైల్ పాస్ (ఒకే పాస్ మీద యూరప్‌లో పలు దేశాల రైళ్లు ఎక్కే వీలు) కొనాలా, ఏ టికెట్ ఆ టికెట్ కొనుక్కోవాలా?

2024 వేసవిలో మేమూ నలుగురం మాగ్డెబర్గ్ నుంచే వెళ్లాం. మా మొదటి జాబితాలో ఏడు ఊళ్లున్నాయి. చివరికి వెళ్లింది మూడింటికి: ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. ఎనిమిది రాత్రులు హాస్టళ్లలో, ఒక రాత్రి రైల్లో గడిచాయి. మనిషికి 497 యూరోలు ఖర్చయింది. అందులో రైళ్లకు 92, హాస్టళ్లకు 186, తిండికి 118, ఊళ్లలో ట్రామ్, మెట్రో టికెట్లకు 40, కోటలు, మ్యూజియాల ప్రవేశాలకు 61. రైళ్ల లెక్కలో ఒక పొరపాటు ఖరీదు కూడా కలిసి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

పాస్ గురించి చెప్పే ముందు ఒక మాట. ఇవాళో రేపో నలుగురూ కూర్చుని డబ్బు సంగతి తేల్చుకోండి. 600 అనే అంకె ఎవరు చెప్పారు? అందరి దగ్గరా నిజంగా అంత ఉందా?

మాలో ఒకతనికి బయల్దేరే నెలలోనే పార్ట్‌టైమ్ పని పోయింది. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు జమచేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకునే ఖాతా) నుంచి అప్పట్లో నెలకు 934 యూరోలు వచ్చేవి (ఇప్పుడు 992 అయ్యాయి). అద్దె, ఇన్సూరెన్స్, తిండి అన్నీ అందులోనే. మా అందరి ఉత్సాహం చూసి అతను నోరు విప్పలేదు. వియన్నాలో రెండో రోజు రాత్రి మేం ముగ్గురం రెస్టారెంట్‌కు బయల్దేరితే కడుపు బాగోలేదని హాస్టల్లో ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి వంటగదిలో ఒక్కడే కూర్చుని ఉత్త బ్రెడ్డు తింటున్నాడు. ముందు రోజు మధ్యాహ్నం కూడా ఆకలి లేదన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే బుడాపెస్ట్‌లో అనుకున్న పడవ షికారు, ఇంకో రెండు టికెట్లు తీసేసి, మిగతా రోజుల ప్లాన్ మళ్లీ వేసుకున్నాం. నలుగురం హాయిగా తిరిగింది ఆ తర్వాతే.

ఆ తర్వాత చేసిన ప్రతి ప్రయాణంలోనూ మేం పాటిస్తున్న పద్ధతి ఇది. తాను ఎంత పెట్టగలడో ఎవరికి వారు చీటీ మీద పేరు లేకుండా రాసి మడిచి పెడతాం. అన్నిటికన్నా తక్కువ ఏది ఉంటే అదే అందరి బడ్జెట్. ఎవరు రాశారని అడగం. మీరు చీటీలు విప్పితే 600 కాస్తా 450 కావచ్చు. అలాగైతే ప్లాన్ దానికే వేయండి. ఎక్కువ ఉన్నవాళ్లు ఇంకో సెలవుల్లో ఇంకో ఊరు చూస్తారు.

ఇక ఊళ్ల సంగతి. 12 రోజుల్లో ఎనిమిది ఊళ్లంటే మాగ్డెబర్గ్ నుంచి వెళ్లడం, తిరిగి రావడంతో కలిపి తొమ్మిది ప్రయాణాలు. బుడాపెస్ట్ నుంచి వెనిస్‌కు రైల్లో వెళ్లాలంటే దాదాపు ఒక పగలో ఒక రాత్రో పోతుంది. రోమ్ నుంచి జ్యూరిక్ కూడా చిన్న దూరమేం కాదు. వీటికి తోడు జ్యూరిక్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో వేసవి హాస్టల్ ధరలు చూస్తే గుండె జారిపోతుంది. ప్రాగ్‌లో రెండు రాత్రులు పడుకునే డబ్బు అక్కడ ఒక్క రాత్రికే అయిపోవచ్చు. మొదటిసారికి తూర్పు వైపు మూడు ఊళ్లు చాలని నా గట్టి అభిప్రాయం. చెక్ సరిహద్దుకు దగ్గరి జర్మన్ నగరం డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రెండున్నర గంటల లోపే, ప్రాగ్ నుంచి వియన్నాకు సుమారు నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు రెండు గంటల నలభై నిమిషాలు. పొద్దున్న టిఫిన్ చేసి ఎక్కితే మధ్యాహ్నానికి కొత్త ఊళ్లో ఉంటారు. ఒక రోజు మిగిలితే వియన్నా నుంచి బ్రాటిస్లావా గంట ప్రయాణమే, పొద్దున్న వెళ్లి సాయంత్రం రావచ్చు.

ఇప్పుడు పాస్. మన పాస్‌పోర్ట్ భారతదేశానిదే అయినా జర్మనీలో నివసిస్తున్నాం కాబట్టి మనకు వర్తించేది ఇంటర్‌రైల్. అలాంటిదే అయిన యూరైల్ పాస్ యూరప్ బయట ఉండేవాళ్లకు. పాస్ మొదలయ్యే నాటికి 28 ఏళ్లు నిండకపోతే యూత్ ధర దొరుకుతుంది. గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. కానీ కొనే ముందు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, మనం నివసించే దేశంలో, అంటే జర్మనీలో, ఆ పాస్ మీద సరిహద్దు దాటడానికి ఒక్కసారి, తిరిగి ఇంటికి రావడానికి ఒక్కసారి మాత్రమే ప్రయాణించవచ్చు. రెండు, పాస్ ఉంటే రైళ్లన్నీ ఉచితం అనుకోకండి. ఫ్రాన్స్‌లో టీజీవీ, పారిస్-ఆమ్‌స్టర్‌డామ్ మధ్య నడిచే యూరోస్టార్, ఇటలీలో ఫ్రెచ్చారోసా లాంటి వేగం బళ్లు ఎక్కాలంటే పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా డబ్బు కట్టాలి. యూరోస్టార్‌లో పాస్ వాళ్లకు ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయి, వేసవిలో ముందే అయిపోతాయి. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ వైపు చాలా రైళ్లలో ఈ బెడద లేదు.

విడి టికెట్లు కొనడంలో మనకు అలవాటు లేని సంగతి ఒకటుంది. మన స్లీపర్ టికెట్‌ను 60 రోజుల ముందు తీసుకున్నా వారం ముందు తీసుకున్నా, తత్కాల్ కాకపోతే ధర ఒకటే. ఇక్కడ దూరం రైళ్ల ధరలు విమానం టికెట్లలాగా రోజురోజుకూ పెరుగుతాయి. మేం ఆరు వారాల ముందు కొన్నాం. ప్రాగ్-వియన్నా రెజియోజెట్ అనే చెక్ ప్రైవేటు కంపెనీ రైల్లో, వియన్నా-బుడాపెస్ట్ ఆస్ట్రియా రైల్వే వాళ్ల స్పార్‌షీనే చౌక టికెట్ మీద, రెండూ 20 యూరోల లోపే వచ్చాయి. రెజియోజెట్ టికెట్‌ను రైలు బయల్దేరే 15 నిమిషాల ముందు వరకూ రద్దు చేసుకోవచ్చు. చౌకగా కొనే మిగతా టికెట్లు చాలావరకు అలా కాదు, ఏ రైలుకు కొంటే ఆ రైలే. ఇంకో మాట, టికెట్ ఎప్పుడూ ఆ రైళ్లు నడిపేవాళ్ల సొంత సైట్‌లోనో యాప్‌లోనో చూడండి. ఒకే రైలుకు చెక్ రైల్వే సైట్‌లో ఒక ధర, జర్మన్ సైట్‌లో ఒక ధర కనిపించవచ్చు.

కాబట్టి తేదీలు అనుకుని, ఒక్కో ప్రయాణానికి ఇవాళ్టి ధర కాగితం మీద రాసి కూడండి. ఆ మొత్తాన్ని పాస్ ధర, దానికి తోడు పడే రిజర్వేషన్ ఖర్చులతో పోల్చండి. మా మూడు ఊళ్ల ప్లాన్‌కు పాస్ లెక్క ఏ విధంగానూ దగ్గరికి రాలేదు. మీ ఎనిమిది ఊళ్లకైతే పాస్ గెలవవచ్చు, కానీ అప్పుడు మీ 600లో పెద్ద భాగం రైళ్లకే పోయి పడకకూ తిండికీ మిగలదు. ఏ రోజు ఏ ఊరో ముందే కట్టుబడటం ఇష్టం లేనివాళ్లకు, నెలల తరబడి తిరిగేవాళ్లకు పాస్ మంచిదే.

మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా రీజినల్ రైళ్లకు, ఊళ్లలో బస్సులు, ట్రామ్‌లకు చెల్లే నెలవారీ టికెట్) ఉంటే డ్రెస్డెన్ వరకు రీజినల్ రైళ్లలో విడిగా పైసా ఖర్చు లేదు. మా పొరపాటు సరిగ్గా ఇక్కడే జరిగింది. లైప్‌జిగ్ మీదుగా డ్రెస్డెన్ చేరి, అక్కడ 14 నిమిషాల్లో ప్రాగ్ రైలు పట్టుకోవాలని ప్లాన్ వేసింది నేనే. మా రీజినల్ రైలు 20 నిమిషాలు ఆలస్యమైంది. మెట్లు దిగి, ఎక్కి, పరిగెత్తి ప్లాట్‌ఫాం మీదకు వెళ్లేసరికి ఖాళీ పట్టాలు. ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి రైలు ఎక్కనిచ్చేవారు. మావి రెండు వేర్వేరు టికెట్లు కాబట్టి ఆ హక్కు లేదు. అప్పటికప్పుడు నలుగురికీ కొత్త టికెట్లు కొనాల్సి వచ్చింది, మనిషికి 25 యూరోలు. మొదటి రోజు, మొదటి కొన్ని గంటల్లోనే! మీరు డ్రెస్డెన్‌లో కనీసం రెండు గంటల వ్యవధి పెట్టుకోండి. ఆలస్యం కాకపోతే స్టేషన్ నుంచి పాత ఊరి దాకా నడిచి చూసి రావచ్చు, నష్టం లేదు.

రాత్రి రైలు ఎక్కితే హాస్టల్ ఖర్చు మిగులుతుందని అందరూ చెబుతారు. తిరుగు ప్రయాణంలో బుడాపెస్ట్ నుంచి ప్రాగ్‌కు మేం కూర్చునే సీట్లు తీసుకున్నాం. కాళ్లు చాపుకునే చోటు లేదు, దీపాలు పూర్తిగా ఆరవు, ఎవరో ఒకరు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. తెల్లారి ప్రాగ్‌లో దిగాం. చివరి రాత్రికి తీసుకున్న హాస్టల్ గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. ఆ రోజంతా స్టేషన్ బెంచీల మీద, పార్కుల్లో కునికిపాట్లతోనే గడిచింది. పాతిక యూరోలు మిగిల్చుకోబోయి ఒక రోజు పోగొట్టుకున్నాం. రాత్రి రైలే కావాలంటే కూషెట్ తీసుకోండి, మన త్రీ టియర్ లాగా ఒక అరలో ఆరు పడకలుంటాయి, దుప్పటి ఇస్తారు.

స్టేషన్ పేర్లు పూర్తిగా చదవండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ ఎలాగో బుడాపెస్ట్‌లో కెలెటి, న్యుగటి, డేలి అలాగ. ఒకచోటికి వెళ్లాల్సింది ఇంకోచోటికి వెళ్తే రైలు పోయినట్టే. ఒకే రైల్లో కొన్ని పెట్టెలు మధ్యలో విడిపోయి వేరే ఊరికి వెళ్లడం కూడా ఉంది, పెట్టె తలుపు పక్కన రాసిన ఊరి పేరు చూసి ఎక్కండి. వేసవి శుక్రవారాల్లో, ఆదివారాల్లో సీటు రిజర్వేషన్‌కు నాలుగైదు యూరోలు పెట్టడానికి వెనకాడకండి. ప్రాగ్ వెళ్లే ఆ రెండో రైల్లో మేం వరండాలో బ్యాగుల మీద కూర్చున్నాం.

హాస్టల్లో నాలుగు పడకల గది తీసుకుంటే గదంతా మీదే. వంటగది ఉందో లేదో చూసి మరీ బుక్ చేయండి, మా తిండి ఖర్చు 118లో ఆగింది దానివల్లే. పులిహోర పేస్టు, ఆవకాయ, ఉప్మా రవ్వ మోసుకెళ్లాం, బియ్యం, పెరుగు, కూరగాయలు లిడ్ల్‌లోనో స్పార్‌లోనో కొన్నాం. వియన్నాలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి. పంపు నీళ్లు తాగొచ్చు, సీసా వెంట ఉంచుకోండి. లాకర్లకు చిన్న తాళం కప్ప తీసుకెళ్లండి. చక్రాల సూట్‌కేసు వద్దు, ప్రాగ్ రాళ్ల వీధుల్లో దాన్ని లాగలేరు.

చెక్‌లో కొరునా, హంగేరీలో ఫోరింట్. కార్డు గీసినప్పుడు యూరోల్లో తీసుకోమంటారా అని మెషిన్ అడుగుతుంది, స్థానిక కరెన్సీయే నొక్కండి. లేకపోతే మార్పిడి రేటు దెబ్బ తీస్తుంది. ట్రామ్, మెట్రో కాగితం టికెట్లను మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. టికెట్ కొన్నా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు.

పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ అసలువే వెంట ఉండాలి, ఫోన్లో ఫోటోలు చాలవు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, ప్రాగ్ నుంచి తిరిగొచ్చే రైల్లో పోలీసులు ఎక్కి చూడవచ్చు. ఎవరి కార్డైనా గడువు దగ్గరపడి రెన్యువల్‌లో ఉంటే విదేశీయుల ఆఫీసులో అడిగాకే టికెట్ కొనండి. హైదరాబాద్ నుంచి ఎవరైనా వచ్చి మీతో కలవాలనుకుంటే వాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. వీసా చేతికొచ్చే వరకు డబ్బు వాపసు రాని టికెట్లేవీ వాళ్లకు కొనకండి.

తిరిగేటప్పుడు ఖర్చు మనుషుల మధ్యకు రాకుండా మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. మొదటి రోజే తలా 60 యూరోలు వేసి ఉమ్మడి సంచీ పెట్టాం. కూరగాయలు, ట్రామ్ టికెట్లు, స్టేషన్లో టాయిలెట్ చిల్లర అన్నీ అందులోంచే. పెద్ద ఖర్చులు స్ప్లిట్‌వైజ్ అనే లెక్కల యాప్‌లో రాశాం. సంచీ రోజుకొకరి చేతిలో ఉండేది, దాంతో ఒక్కరి మీదే లెక్కల టెన్షన్ పడలేదు. ఖర్చు లేకుండా చూడదగ్గవి చాలా ఉన్నాయి: వియన్నాలో షోన్‌బ్రున్ ప్యాలెస్ తోటల్లోకి ప్రవేశం ఉచితం, బుడాపెస్ట్‌లో రెండో నంబరు ట్రామ్ డాన్యూబ్ ఒడ్డునే వెళ్తుంది, సాయంత్రం దీపాలు వెలిగాక ఎక్కండి.

డ్రెస్డెన్‌లో ప్రాగ్ రైలు ఎక్కాక ఎడమవైపు కిటికీ సీట్లు చూసుకోండి. ఊరు దాటిన కాసేపటికి ఎల్బే నది పక్కకు వస్తుంది, ఇసుకరాతి కొండల మధ్య చాలాసేపు మీ వెంటే ఉంటుంది.