జిప్ కవర్లో 30 మందికి ఆమ్లెట్లు: నీళ్ళు మరగనివ్వకండి

మీరు అడిగింది ఇది: ముక్కనుమ పొద్దున్న అమలాపురం దగ్గర కొబ్బరితోటలో 30 మంది చుట్టాలకి టిఫిను పెట్టాలి. పెనం ముందు కూర్చుని ఒక్కో అట్టూ వేస్తూ పోతే ఆఖరివాళ్ళ వంతు వచ్చేసరికి పది దాటుతుంది. జిప్ కవర్లో గుడ్లు కొట్టి, ఎవరికి కావలసినవి వాళ్ళు వేసుకుని, మరిగే నీళ్ళలో పడేస్తే 13 నిమిషాల్లో ఆమ్లెట్ అయిపోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజంగా అవుతుందా, కవరు కరగదా, ఎంతసేపు ఉంచాలి?

అవుతుందండి. కాకపోతే అందులోంచి వచ్చేది అట్టు కాదు, గుడ్డు కుడుము. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి అంచు ఎర్రబడదు, పెనం మీద నూనెలో కాలిన వాసన రాదు. గుడ్డట్టంటే అంచు కరకరలాడాలనే వాళ్ళకి ఇది చప్పగా ఉంటుంది, వాళ్ళకి ముందే చెప్పేయండి. దీని సుఖమల్లా వేరే చోట ఉంది. ఒకరికి ఉల్లిపాయ పడదు, పిల్లలకి పచ్చిమిర్చి వద్దు, బీపీ ఉన్న పెద్దాయనకి ఉప్పు సగమే. ఎవరి కవరు వాళ్ళదే, అన్నీ ఒకే నీళ్ళలో ఒకేసారి ఉడుకుతాయి, గరిటె పట్టుకుని నిలబడే మనిషి అక్కర్లేదు.

ఇక కవరు సంగతి. దుకాణంలో దొరికే జిప్ కవర్లు ఎక్కువగా మామూలు పాలిథిన్‌వి. ఆ రకం పాలిథిన్ 105 నుంచి 115 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకుముందే మెత్తబడి సాగుతుంది. నీళ్ళు 100 దగ్గర ఆగిపోతాయిగా, ఇంకేం భయమనుకోవద్దు. కవరు గుండిగ అడుగుకి అతుక్కున్న చోట మధ్యలో నీరుండదు, అక్కడ లోహం వేడి నేరుగా తగులుతుంది. నీళ్ళకి పైన ఉన్న గుండిగ అంచైతే ఇంకా వేడి, కవరు మూతి అక్కడ ఆనిందంటే జివ్వున ముడుచుకుపోతుంది. జిప్ కవర్లు చేసే చాలా కంపెనీలు మరిగే నీళ్ళలో వేయొద్దనే అంటాయి. వేడి పెరిగేకొద్దీ ప్లాస్టిక్‌లో కలిపిన పదార్థాలు కొంత తిండిలోకి దిగే అవకాశమూ పెరుగుతుంది, నూనె ఉన్న తిండిలోకి మరీను. మందంగా ఉంటే చాలుననేది కూడా పొరపాటే. క్యారీ బ్యాగు 120 మైక్రాన్లకు తగ్గకూడదని 2022 డిసెంబరు 31 నుంచి నిబంధన ఉంది, కానీ అది చెత్త తగ్గించడానికి పెట్టింది. మందం వేరు, వేడికి ఓర్చుకోవడం వేరు. సరుకులు తెచ్చుకున్న కవరు, పాల కవరు ఈ పనికి అస్సలు వద్దు.

కవరు మీదో పెట్టె మీదో మరిగే నీళ్ళకి పనికొస్తుందని రాసి ఉన్నవి కొనండి. వ్యాక్యూమ్ సీలర్‌తో (గాలి లాగేసి కవరు మూసే మిషను) వాడే నైలాన్ పొర కవర్లలో అలాంటివి దొరుకుతాయి. సిలికాన్ పౌచులు ఇంకా మేలు, ధర చూస్తే మాత్రం 30 కొనబుద్ధి కాదు. ఏ కవరు వాడినా నీళ్ళు 85, 90 డిగ్రీల మధ్యే ఉంచండి. గిలక్కొట్టిన గుడ్డు గట్టిపడటానికి 70 దాటితే చాలు, సలసల కాగే నీళ్ళ అవసరమే లేదు. మరిగే నీళ్ళలో వేస్తే పైపొర రబ్బరులా బిగుసుకుని, మధ్యలో ఉడికేలోపు అంచుల్లోంచి నీరు వదిలేస్తుంది. వీడియోల్లో 13 నిమిషాలనేది మరిగే నీళ్ళ లెక్క. 85, 90 దగ్గర 2 గుడ్ల కవరుకి 18 నుంచి 20 నిమిషాలు, 3 గుడ్లకి 25 దాకా పడుతుంది. 3 కన్నా ఎక్కువ వేస్తే మధ్యలో ఉడకదు, ఆకలి ఎక్కువున్న వాళ్ళకి రెండో కవరు ఇవ్వండి.

థర్మామీటరు లేకపోతే కళ్ళతోనే చూడొచ్చు. అడుగు నుంచి ఆవగింజంత బుడగలు తీగల్లా పైకొస్తూ, పైన నీళ్ళు మెల్లగా కదులుతూ ఆవిరి లేస్తుంటే సరైన వేడి. పెద్ద బుడగలు పగులుతూ నీళ్ళు ఎగిరిపడుతున్నాయంటే మంట తగ్గించి ఒక చెంబుడు చల్లనీళ్ళు పొయ్యండి.

ఒక మాట, ఇది గ్యాసు పొయ్యి మీదే సాగుతుంది. తోటలో కొబ్బరి మట్టలు, డొక్కలు ఎలాగూ ఉంటాయి కదా అని మూడు రాళ్ళ పొయ్యి పెడితే కవర్ల ఆశ వదులుకోవాల్సిందే. మట్ట ఒక్కసారిగా భగ్గున అంటుకుని ఒక పక్కే లేస్తుంది, అయిదు నిమిషాల్లో చల్లారిపోతుంది. దాన్ని 90 దగ్గర నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. కట్టెల పొయ్యే గతి అయితే కింద చెప్పిన గ్లాసుల పద్ధతికి వెళ్ళండి.

కూరే సరుకు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కవర్లో ఏదీ వేగదు, ఉడుకుతుందంతే. పచ్చి ఉల్లిపాయ వేస్తే 20 నిమిషాల తర్వాత కూడా కరుకుగానే ఉండి, నీరు మాత్రం వదులుతుంది. అందుకని ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు ముందురోజు రాత్రే తక్కువ నూనెలో మగ్గబెట్టి, జల్లెడలో వేసి నూనె ఓడ్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి. టమాటా వేసేట్టయితే గింజల గుజ్జు తీసేసి కండ మాత్రమే. మెంతికూర, మునగాకు ఒక చుక్క నూనెలో పసరు పోయేదాకా వేపాలి. కొత్తిమీర ఒక్కటే పచ్చిది వేయొచ్చు. ఇక మన వైపు బాగా కుదిరేది రొయ్యపొట్టు, అంటే ఎండిన చిన్నరొయ్యలు. ఉత్త బాణలిలో సన్నసెగ మీద వేపి, చేటలో వేసి నలిపి చెరిగితే మీసాలూ ఇసకా పోతాయి. ఆ పొట్టు ఒక కవరుకి పెద్ద చెంచాడు చాలు, దానికి ఉప్పుంటుంది కాబట్టి ఆ కవర్లో ఉప్పు తగ్గించండి. పచ్చిరొయ్యలు వేస్తామంటే ముందు పూర్తిగా ఉడికించినవే. కవర్లో ఉడుకుతాయిలే అని పచ్చివి వేస్తే గుడ్డు గట్టిపడ్డాక కూడా రొయ్య మధ్యలో పచ్చిగా ఉండిపోవచ్చు. ఏది వేసినా మొత్తం కూరు 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు దాటనివ్వకండి. దాటితే గుడ్డు పట్టుకోదు, విప్పగానే ముక్కలైపోతుంది.

2 గుడ్లకి పావు చిన్నచెంచా ఉప్పు, చిటికెడు పసుపు, చిటికెడు మిరియాలపొడి, కావాలంటే ఒక పెద్ద చెంచాడు పాలు. పాలు అంతకన్నా ఎక్కువ పోస్తే కవరు అడుగున పసుపునీళ్ళు తేలతాయి.

30 మందికి 60 గుడ్లంటే సరిగ్గా రెండు ట్రేలు. పగిలేవీ, రెండో కవరు అడిగేవాళ్ళవీ కలుపుకుని రెండున్నర తెచ్చుకోండి. అనపర్తి, తణుకు వైపు కోళ్ళఫారాల పుణ్యమా అని మనకి తాజా గుడ్డుకి లోటు లేదు, అయినా ప్రతి గుడ్డూ ముందు గ్లాసులో కొట్టి చూసి అప్పుడు కవర్లో పొయ్యండి. ఒక్క మురిగిన గుడ్డు పడితే కవరూ కూరూ రెండూ పారేయాలి. కవరుని పొడుగాటి గ్లాసులో నిలబెట్టి, మూతిని గ్లాసు అంచు మీదికి మడిచి పోస్తే జిప్ గాడిలో గుడ్డు పడదు. గాడిలో సొన అంటిందంటే జిప్ పట్టినట్టే ఉండి నీళ్ళలో ఊడిపోతుంది.

కవరు మీద గుర్తు గుడ్డు పోయకముందే, పొడిగా ఉన్నప్పుడే వెయ్యాలి, అదీ జిప్‌కి పైన, చెరగని మార్కరుతో. స్కెచ్ పెన్ను ఆవిరికే కారిపోతుంది. పేర్లు రాయడం కన్నా నంబరు వేసి కాగితం మీద లెక్క రాసుకోవడం మంచిది. మన ఇళ్ళల్లో తాతగారి పేరే ముగ్గురు మనవలకి ఉంటుంది, పేరు చూసి ఒకరి కవరు ఇంకొకరు విప్పేస్తారు.

అన్నీ వేశాక పైనుంచే వేళ్ళతో రెండు నిమిషాలు పిసకండి. గాలి తీయడానికి జిప్ మూల ఒక్క వేలెడు వదిలి, కవరుని మామూలు నీళ్ళ బకెట్లోకి మెల్లగా దించితే నీళ్ళే గాలిని పైకి నెట్టేస్తాయి, అప్పుడు మూల మూసేయాలి. గాలి మిగిలితే కవరు వేడినీళ్ళలో పైకి తేలి, గుడ్డు ఒక పక్క పచ్చిగా ఉండిపోతుంది.

ఇప్పుడు గుండిగ. 15 లీటర్లు పట్టేదాంట్లో 10 లీటర్ల నీళ్ళు పోసి 90కి తెచ్చుకోండి. అంచుల మీద అడ్డంగా రెండు వెదురు బద్దలు పెట్టి, కవర్లని బట్టల క్లిప్పులతో వాటికి వేలాడదీయండి. గుడ్డు ఉన్న భాగమంతా నీళ్ళలో మునగాలి, జిప్ పైన ఉండాలి, అడుగుకి రెండు వేళ్ళ ఎత్తు ఖాళీ ఉండాలి, ఏ కవరూ పక్కగోడకి ఆనకూడదు. ఇలా కడితే జిప్ కాస్త వదులైనా నీళ్ళు లోపలికి రావు. కవరు అడుగుకి తగులుతుందేమోనని భయమనిపిస్తే అడుగున ఇడ్లీ రేకు ఒకటి బోర్లించండి. దించే ముందు కవరు మళ్ళీ ఒకసారి పిసకాలి, లేకపోతే ఉప్పూ మిరియాలూ అడుగుకి దిగిపోయి ఒక మూల ఉప్పుగడ్డ, మిగతాది చప్పిడి.

ఒక గుండిగకి 8 కవర్లు. 8 దించితే నీళ్ళు అయిదారు డిగ్రీలు పడిపోతాయి, మంట కాస్త పెంచితే తేరుకుంటాయి. తొందరపడి 16 కుక్కితే 80 కిందికి పోతాయి, కవర్లు ఒకదానికొకటి అతుక్కుని మధ్యవి అరగంటైనా గట్టిపడవు. రెండు గుండిగలు పెట్టుకుంటే రెండు విడతల్లో, ముప్పావుగంటలో 30 మందీ తినేస్తారు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గుడ్లయితే విడతకి ఇంకో మూడు నాలుగు నిమిషాలు కలుపుకోండి.

ఉడికిందో లేదో చూడాలంటే గుడ్డపేలికతో కవరు తీసి మధ్యలో మడవండి. ముద్దలా మొత్తం ఒకేలా వంగితే అయింది, మడతలో సొన జారితే ఇంకో మూడు నిమిషాలు. థర్మామీటరుంటే, విప్పిన ఆమ్లెట్ నడిమధ్య 71 డిగ్రీలు చూపించాలి. పిల్లలకి, పెద్దవాళ్ళకి ఇచ్చేవాటిలో ఇక్కడ రాజీ వద్దు. మరీ ఎక్కువసేపు వదిలేస్తే ఆకుపచ్చ చాయ వస్తుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసినందువల్ల వచ్చే రంగది. హానేం లేదు, తినేవాళ్ళ మొహం మాత్రం మారుతుంది. విప్పేటప్పుడు మూతి అవతలికి తిప్పి కత్తెరతో కత్తిరించండి, లోపలి ఆవిరి నేరుగా చేతికి కొడుతుంది.

ప్లాస్టిక్ మనసుకి ఎక్కకపోతే, నిజానికి నా ఓటూ ఇటే, 200 మి.లీ. స్టీలు గ్లాసులు తీసుకోండి. లోపల నూనె రాసి, అదే కొలతలో గుడ్డూ కూరూ పోస్తే మూడింట రెండొంతులు నిండుతుంది, ఉడికేటప్పుడు పొంగడానికి ఆ ఖాళీ కావాలి. పెద్ద ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్ళు పోసి, రేకు మీద గ్లాసులు పేర్చి, మూత కింద పొడిగుడ్డ కట్టి 15 నిమిషాలు ఆవిరి పట్టండి. గుడ్డ కట్టకపోతే మూతకి పట్టిన నీటిచుక్కలు గుడ్డు మీద పడి గుంటలు పడతాయి. ఇక్కడ మంట ఎగసినా నష్టం లేదు, నీళ్ళు ఇంకిపోకుండా చూసుకుంటే చాలు. చాకు అంచు చుట్టూ తిప్పి బోర్లిస్తే గ్లాసు ఆకారంలో దిగుతుంది. పొట్టిక్కల బుట్టల్లో చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పనసాకు బుట్ట ఇడ్లీపిండిని ఆపుతుంది గానీ గిలక్కొట్టిన గుడ్డుని ఆపదు, ఈనెపుల్ల గుచ్చిన ప్రతి చోటా కారుతుంది. లోపల వాడ్చిన అరిటాకు ముక్క పరిస్తే కొంత నిలుస్తుంది, 30 బుట్టలకి ఆ ఓపిక ఎవరికుంటుందో చూసుకోండి.

ఉడికినవి మూసిన కవర్లోనే ఉంచి మధ్యాహ్నం తిందామంటే కుదరదు. రెండు గంటలే గడువు, ఇదే పని ఎండాకాలంలో చేస్తే గంట. వాడిన కవర్లు మళ్ళీ వాడొద్దు. వాటికి ఒక గోనెసంచి ముందే కట్టి పెట్టుకోండి, పంటకాలువ గట్టున పడితే తూముల్లో అడ్డం పడతాయి, గుడ్డు వాసనకి పశువులు నమిలేస్తాయి. నంబర్లు వేశారు కాబట్టి ఎన్ని సంచిలోకి చేరాయో లెక్క చూసుకోవడం తేలికే.