ఒక్క లెన్స్‌తోనే అన్నీ తీయాలంటే ఏది కొనాలి?

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. నా దగ్గర కెనాన్ 1500డీ ఉంది, దాంతో వచ్చిన 18-55 లెన్సే వాడుతున్నా. రామప్పకు పోయినా, ఇంట్లో పెళ్లయినా, మేడారం జాతరైనా ఒక్కటే లెన్స్ పెట్టుకుని తిరగాలని ఉంది, మాటిమాటికీ మార్చడం నా వల్ల కాదు. షాపులో టామ్రాన్ 18-400 తీసుకో, ఇంక వేరే లెన్స్ అక్కర్లేదు అంటున్నారు. తీసుకోవాలా?

వద్దు తమ్మీ. కెనాన్ ఈఎఫ్-ఎస్ 18-135 తీసుకో. (లెన్స్ పేరులోని ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె చిన్నదైతే వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా చూపిస్తుంది.) పేరు చివర యూఎస్‌ఎం అని ఉన్నది, అంటే 2016లో వచ్చిన మోడల్ దొరికితే అదే తీసుకో, లేకపోతే ఎస్‌టీఎం అని ఉన్నదైనా బాగానే పని చేస్తుంది, ఆ రెండూ లెన్స్‌లో ఫోకస్ తిప్పే మోటార్ రకాలు.

టామ్రాన్ 18-400 చెడ్డదని కాదు. 2017లో అది వచ్చేదాకా ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు ఒకే లెన్స్‌లో అంత రేంజ్ దొరికేది కాదు. కానీ బరువు 700 గ్రాములు దాటుతుంది, నీ 18-55 చూస్తే దాదాపు 200 గ్రాములు. మెడకు వేసుకుని జాతరలో పొద్దంతా తిరిగేవాడికి ఆ తేడా మధ్యాహ్నానికే తెలిసిపోతుంది. పైగా జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది, చివర్లో అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/6.3 దగ్గర ఆగుతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఎండలో పర్వాలేదు గానీ సాయంత్రం అయ్యేసరికి ఫోకస్ దొరకక లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, ఈలోపు నువ్వు తీయాలనుకున్నది కాస్తా అయిపోతుంది. అంత రేంజ్ కోసం చివర్లో ఫొటో స్పష్టత కొంచెం తగ్గుతుంది కూడా.

నువ్వు చెప్పిన చోట్లే తీసుకుని చూద్దాం. రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడ నీ 18-55కు అందనివి చూరు కింద ఉండే మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు. కింద నిలబడి 55లో తీస్తే చుట్టూ ఉన్న రాయంతా వచ్చి బొమ్మ చిన్నగా పడుతుంది, అదే 135లో దాదాపు రెండున్నర రెట్లు దగ్గరికి వస్తుంది, నగల మీది పని కూడా కనబడుతుంది. మండపం లోపలికి వెళ్లాక నీకు కావాల్సింది 18, అక్కడ ఎంత పెద్ద జూమ్ ఉన్నా పనికిరాదు. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగుగా వచ్చేలా చేసే సెట్టింగ్) 1600 దాకా పెంచు, మోచేతులు ఒంటికి ఆనించి తియ్యి. కదలని శిల్పాలే కాబట్టి లెన్స్‌లోని ఐఎస్ నీ చేతి వణుకును ఆపుతుంది. (టామ్రాన్ వాళ్లు దీన్నే వీసీ అంటారు, నికాన్ వాళ్లు వీఆర్, సిగ్మా వాళ్లు ఓఎస్, పని ఒక్కటే.)

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐఎస్ ఆపేది నీ చేతి వణుకును మాత్రమే, ఎదుటివాళ్ల కదలికను కాదు. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడే వేళ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే షట్టర్ స్పీడ్ కనీసం 1/125 సెకను ఉండాలి, లేకపోతే చేతులన్నీ గీతలుగా పడతాయి. ఆ స్పీడ్‌కు వెలుతురు కావాలి, ఏ ఆల్‌రౌండ్ జూమ్ కూడా అంత వెలుతురు ఇవ్వదు, 18-135 కూడా ఇవ్వదు, ఆ మాట ముందే చెప్పాలి కాబట్టి చెప్తున్నా. అందుకే మిగిలిన డబ్బులతో కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం ఒకటి కొనుక్కో. ఎఫ్/5.6తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, చాలా తక్కువ ధరకు దొరుకుతుంది, జేబులో పడుతుంది. మార్చడం నా వల్ల కాదన్నావు, నిజమే, పగలంతా మార్చకు. పొద్దుగూకాక ఒక్కసారి మారిస్తే సరిపోతుంది, పెళ్లి రిసెప్షన్‌కైనా అంతే.

మేడారంలో మాత్రం నీ మాటే కరెక్ట్. ఆ దుమ్ములో లెన్స్ విప్పావంటే సెన్సర్ మీద మచ్చలు పడతాయి. 18-135 పెట్టుకుని, ముందు 67 ఎంఎం యూవీ ఫిల్టర్ బిగించి, ఇంటికి వచ్చేదాకా విప్పకు. పసుపు, కుంకుమ, బెల్లం జిగట ఏది పడ్డా ఫిల్టర్ మీదే పడుతుంది.

పాకాల చెరువు దగ్గర పిట్టల ఫొటోలు తీయాలని ఉంటే అప్పుడు లెక్క మారుతుంది. దానికి కూడా 18-400 కన్నా ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం విడిగా కొనమంటా, 375 గ్రాములే.

ఏది కొనేముందైనా ఒక పని చెయ్యి. ఇప్పటిదాకా తీసిన ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డీటెయిల్స్‌లో ఫోకల్ లెంగ్త్ చూడు. ఎక్కువ ఫొటోలు 55 దగ్గరే ఉంటే నీకు జూమ్ చాలడం లేదని అర్థం, 18-135 నీకే. చాలావరకు 18 దగ్గరే ఉంటే మాత్రం నీకు కావాల్సింది ఇంకా వెడల్పుగా చూపించే లెన్స్, అప్పుడు 10-18 గురించి ఆలోచించు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే సెల్‌ఫోన్ టార్చ్ వెనక నుంచి కొట్టి లోపల సాలెగూడు పోగుల్లాంటివి ఉన్నాయేమో చూడు, అది ఫంగస్, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. లెన్స్‌ను కిందికి వంచి పట్టుకుంటే జూమ్ దానంతట అదే జారుతుందా, 135 దగ్గర ఫోకస్ వెంటనే పడుతుందా అన్నవి కూడా నీ కెమెరాకే తగిలించి చూసుకో.

ప్రశ్న: సార్, కరీంనగర్ నుంచి రాస్తున్నా. నికాన్ డీ5300కి పాత నికాన్ 70-300 లెన్స్ కొన్నా. ఫొటో వస్తోంది గానీ ఆటో ఫోకస్ పని చేయడం లేదు. కెమెరా పాడైందా?

కెమెరా బాగానే ఉందండీ, టెన్షన్ వద్దు. నికాన్ 3000, 5000 సిరీస్ కెమెరాల బాడీలో ఫోకస్ తిప్పే మోటార్ ఉండదు, అది లెన్స్‌లోనే ఉండాలి. మీ లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని గానీ ఏఎఫ్-పీ అని గానీ లేకుండా ఉత్త ఏఎఫ్ అని ఉంటే దాంట్లో మోటార్ లేనట్టే. రింగు చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవచ్చు. అది కష్టమనిపిస్తే వారంటీ, బిల్లు సంగతి చూసుకుని షాపులో వెనక్కి ఇచ్చేయండి, కుదరకపోతే డీ7000 సిరీస్ కెమెరా ఉన్నవాళ్లకు అమ్మండి, వాళ్ల బాడీలో మోటార్ ఉంటుంది కాబట్టి వాళ్లకు పనికొస్తుంది. మళ్లీ ఒక్క లెన్సే కొనాలనుకుంటే ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 18-140 వీఆర్ చూడండి.