నల్లబడతాయన్న వెంట్రుకలు నల్లబడలేదు... కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. నాకు 38 ఏళ్లు. మూడేళ్లుగా జుట్టు బాగా నెరుస్తోంది. ఫోన్‌లో ఒక ప్రకటన చూశాను. ‘తెల్లజుట్టు 90 రోజుల్లో కుదుళ్ల నుంచి నల్లబడుతుంది, ఇది రంగు కాదు, ఫలితం లేకపోతే డబ్బు వాపసు’ అని తెలుగులోనే చెప్పారు. టీవీ సీరియల్లో నటించే ఒకావిడ తన జుట్టు అలాగే నల్లబడిందని అందులో చూపించింది. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మూడు నెలల కోర్సు (నూనె, సీరం, మాత్రలు) రూ.7,200కు తెప్పించుకున్నాను. పార్శిల్ వచ్చినప్పుడు డబ్బు కట్టాను. చెప్పినట్టే వాడాను. ఒక్క వెంట్రుకా నల్లబడలేదు. పైగా నుదుటి మీద, చెవుల వెనక దద్దుర్లు వచ్చి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. డబ్బు తిరిగి ఇమ్మంటే మొదట ‘ఇంకో కోర్సు వాడండి’ అన్నారు. తర్వాత ‘ఫలితాలు మనిషిని బట్టి మారతాయని సీసా మీదే రాశాం’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. చూస్తే నిజంగానే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కంపెనీ వేరే రాష్ట్రంలో ఉంది. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయొచ్చా? జుట్టు కోసం కోర్టుకెక్కిందని నలుగురూ నవ్వుతారేమోనని కూడా ఉంది. - ఒక సోదరి

జవాబు: వేయొచ్చమ్మా. ఆ ప్రకటన మీ దగ్గర భద్రంగా ఉంటే గెలిచే అవకాశాలూ బాగానే ఉన్నాయి. నవ్వుతారన్న సంకోచాన్ని ముందు పక్కన పెట్టండి. నెరిసిన జుట్టు గురించి బయట మాట్లాడటానికి మొహమాటపడతారన్న నమ్మకంతోనే ఈ వ్యాపారాలు నడుస్తున్నాయి. మోసపోయినవాళ్లలో ఫిర్యాదు చేసేది ఏ కొద్దిమందో. అందుకే అదే ప్రకటన మర్నాడు ఇంకొకరి ఫోన్‌లో ప్రత్యక్షమవుతుంది.

మీలాంటి వాళ్లంతా భయపడే విషయం ఒకటుంది: ‘ఆ మందు పనిచేయదని నేనెలా నిరూపించాలి? నేను శాస్త్రవేత్తను కానే!’ ఆ బరువు మీ మీద లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులేమిటో చెబుతుంది. తగిన పరీక్షలు చేయకుండా వస్తువు పనితీరుకు, సామర్థ్యానికి హామీ ఇవ్వడం అందులో ఒకటి. ‘మేం పరీక్షించాకే హామీ ఇచ్చాం’ అని కంపెనీ అంటే, ఆ సంగతి రుజువు చేయాల్సింది కంపెనీయేనని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. 90 రోజులని గడువు పెట్టి, డబ్బు వాపసు అని మాటిచ్చింది వాళ్లు. కాబట్టి ఆ మాటకు ఆధారం చూపాల్సిందీ వాళ్లే. మీ ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క అంశం చుట్టూ రాయించండి.

ఇక్కడ శాస్త్రం కాస్త తెలిసుండాలి, ఎందుకంటే కంపెనీ తరఫు వకీలు అదే మాట్లాడతాడు. వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ కుదురులోని కణాల్లో తయారవుతుంది. బయటికి వచ్చిన వెంట్రుకలో జీవకణాలు ఉండవు, పైన ఏం రాసినా అది లోపలి నుంచి రంగు తెచ్చుకోలేదు. గోరింటాకు, నీలి ఆకు పొడి, డబ్బాలో దొరికే డై అన్నీ పై నుంచి పట్టే రంగులే. వాటిని రంగులని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. బి12 లోపం, థైరాయిడ్ సమస్య వంటి కారణాలతో వచ్చిన బాలనెరుపు, ఆ లోపం సరిచేస్తే కొందరిలో కొంత వెనక్కి తగ్గిన సందర్భాలున్నాయి. మానసిక ఒత్తిడి తగ్గినప్పుడు కొందరిలో కొన్ని వెంట్రుకలు తిరిగి రంగు తెచ్చుకున్నాయని 2021లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. రంగు కణాలను పుట్టించే మూలకణాలు వయసుతో కుదురులో ఒకచోట ఇరుక్కుపోతున్నాయని 2023లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల్లో చూపించారు. ఈ పరిశోధనల కాగితాలనే కంపెనీలు వినియోగదారుల కమిషన్ (ఇలాంటి కేసులు విచారించేది అదే) ముందు పెడుతుంటాయి. వాటిలో మీరు కొన్న నూనె ప్రస్తావన లేదు, మీరు మింగిన మాత్ర ప్రస్తావన లేదు. చట్టం అడిగేది ఆ వస్తువు మీద, ఆ హామీకి సరిపడా జరిగిన పరీక్ష. మీ వకీలు గట్టిగా పట్టుకోవాల్సింది అక్కడే. గుంటగలగరాకు, ఉసిరి పేర్లు చెప్పి ‘వేల ఏళ్ల ఆయుర్వేదం’ అంటే కూడా ఇదే జవాబు. ఆయుర్వేదాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు, 90 రోజుల హామీకి ఆధారం అడుగుతున్నామంతే.

సీసా మీది ఇంగ్లీషు వాక్యం సంగతి. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్రం 2022 జూన్ 9న మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం ఇలాంటి సవరణ మాట ప్రకటనలోని ప్రధాన వాగ్దానాన్ని కాదనేలా ఉండకూడదు. ప్రకటన ఏ భాషలో ఉందో సవరణా అదే భాషలో, అదే తీరు అక్షరాల్లో, కనబడేలా ఉండాలి. మీకు హామీ తెలుగులో ఇచ్చారు. దాన్ని రద్దు చేసే మాట మాత్రం, డబ్బు కట్టి పెట్టె విప్పాక, ఇంగ్లీషులో కనబడింది. ఇది కంపెనీని కాపాడదు సరికదా, వాళ్ల ఉద్దేశాన్ని కమిషన్‌కు చూపించడానికి మీకే పనికొస్తుంది. ఆ సీసాను, ఆ వాక్యం చదవగలిగేంత దగ్గరగా ఫోటో తీయండి.

అన్నిటికంటే ముందు, ఈ పూటే, ఆ ప్రకటనను పట్టుకోండి. ఇలాంటి కేసులు నీరుగారిపోయేది సాధారణంగా ఇక్కడే. ఎందుకంటే లేబుల్ మీద ‘కేశ సంరక్షణకు తోడ్పడుతుంది’ అని మెత్తగా రాసి, ప్రకటనలో మాత్రం ‘నల్లబడుతుంది’ అని గట్టిగా చెబుతారు. నోటీసు అందగానే ప్రకటన తీసేసి లేబుల్ ఒక్కటే చూపిస్తారు. అందుకని వీడియోను లింకుతో, తేదీతో కలిపి స్క్రీన్ రికార్డింగ్ చేయండి. వెబ్‌సైట్‌లో వాపసు షరతుల పేజీ, ఆర్డర్ మెసేజ్, వాట్సాప్ సంభాషణ మొత్తం దాచండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేస్తే మంచిది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అంత కచ్చితంగా పట్టించుకోవు గానీ, ఎదుటివాళ్లకు ఆ సందు కూడా ఇవ్వడం దేనికి? పార్శిల్ కవరు పారేయకుండా ఉంటే అది బంగారం. వెబ్‌సైట్‌లో చిరునామా లేకపోయినా, కవరు మీద పంపినవారి చిరునామా ఉంటుంది. నోటీసు వెళ్లాల్సింది దానికే.

మిగిలిన నూనెను, మాత్రలను కూడా పారేయకండి, మూత తెరవని సీసా ఒక్కటి మిగిలినా చాలు. వస్తువులో లోపాన్ని పరీక్షతోనే తేల్చాల్సి వస్తే, కమిషన్ నమూనాకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు. మీ విషయంలో అది అవసరం కావచ్చు, దద్దుర్లు వచ్చాయి కాబట్టి. ‘రంగు కాదు’ అని అమ్మినదాంట్లో చెప్పకుండా డై రసాయనం కలిపి ఉంటే కేసు స్వరూపమే మారుతుంది. జుట్టు రంగుల్లో వాడే పారాఫినిలీన్ డైఅమీన్ (పీపీడీ) కొందరికి పడదు. అది ఉన్న డై పెట్టె మీద, ముందుగా కొద్దిగా చర్మం మీద రాసి పరీక్షించుకోమన్న హెచ్చరిక ఉండాలని నిబంధన. సీసం సమ్మేళనాలను రంగు కోసం కాస్మెటిక్స్‌లో వాడటం మన దేశంలో పూర్తిగా నిషేధం. మీ చర్మ డాక్టరు చీటీ, మందుల బిల్లులు, దద్దుర్ల ఫోటోలు ఫిర్యాదుకు జత చేయండి. ఏం వాడాక వచ్చాయో చీటీలో రాయమని డాక్టరును అడగండి. ఇలా ఒంటికి హాని జరిగినప్పుడు చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కూడా వర్తిస్తుంది. స్పష్టంగా ఇచ్చిన హామీకి వస్తువు తగినట్టు లేకపోతే, తన నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేదని తయారీదారు నిరూపించుకున్నా బాధ్యత తప్పదని సెక్షన్ 84 చెబుతోంది.

కంపెనీ ఎక్కడున్నా మీరు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇది: ఫిర్యాదుదారు నివసించే చోట కేసు. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపుంటే రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. వకీలు తప్పనిసరి కాదు, ఫిర్యాదును, అఫిడవిట్‌ను మీరే దాఖలు చేసుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, వీడియో ద్వారా విచారణ కావాలని కోరవచ్చు. కాబట్టి నలుగురి ముందు నిలబడాల్సి వస్తుందన్న బెంగ కూడా అక్కర్లేదు. గడువు రెండేళ్లు. వాపసు ఇవ్వబోమన్న వాట్సాప్ మెసేజ్ తేదీ నుంచి లెక్క అని మనం వాదించవచ్చు గానీ, కోర్సు ముగిసిన రోజు నుంచే లెక్కేసుకుని ముందే వేయడం క్షేమం. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతో దిగండి.

దానికి ముందు రెండు చిన్న పనులు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. నోటీసు దాకా పోకుండానే డబ్బు తిరిగొచ్చే సందర్భాలు అక్కడ ఉంటాయి. అలాగే కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి అని 2020 ఈ-కామర్స్ నిబంధనలు అంటున్నాయి. ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదనీ అంటున్నాయి. నెల దాటినా స్పందన లేకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ‘వాపసు ఇస్తాం, ఈ లింకు నొక్కండి, ఓటీపీ చెప్పండి’ అని ఫోను వస్తే మాత్రం పెట్టేయండి. అలాంటి చోట డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

అడగాల్సినవి: 7,200 రూపాయలు వడ్డీతో సహా, వైద్యం ఖర్చులు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు, ఆ ప్రకటన ఆపాలన్న ఆదేశం. లక్షల్లో పరిహారం వస్తుందని మాత్రం నేను ఆశ పెట్టను. కేరళలోని త్రిసూర్ జిల్లా వినియోగదారుల ఫోరం 2020 చివర్లో ఇలాంటిదే ఒక తీర్పు ఇచ్చింది. జుట్టు పెరుగుతుందని నమ్మి కొన్న ఒక వినియోగదారు ఫిర్యాదు అది. ప్రకటనలో నటించిన మలయాళ నటుడు తాను ఆ ఉత్పత్తి వాడలేదని ఒప్పుకున్నాడు. కంపెనీ పదివేలు, నటుడు పదివేలు, అమ్మిన దుకాణం మూడువేలు చెల్లించాలని ఫోరం ఆదేశించింది. మొత్తం చిన్నదే. కానీ తారను కూడా బాధ్యుణ్ని చేయడం మీకు ముఖ్యం. 2019 చట్టం దాన్ని ఇంకా బలపరిచింది. ప్రచారం చేసేవాళ్లు నిజానిజాలు విచారించుకోకుండా ప్రకటనలో నటిస్తే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు, ఏడాది పాటు ప్రకటనల నుంచి నిషేధించగలదు. 2024 మే 7న సుప్రీంకోర్టు కూడా తారలకు, ఇన్‌ఫ్లుయెన్సర్లకు సమాన బాధ్యత ఉందని చెప్పింది. మీ ఫిర్యాదులో ఆ సీరియల్ నటిని ప్రతివాదిగా చేర్చండి.

ప్రాధికార సంస్థకు, జిల్లా కలెక్టరుకు ఇచ్చే ఫిర్యాదు వేరు, కమిషన్‌లో వేసే కేసు వేరు. మొదటిది ఆ ప్రకటనను ఆపడానికి, రెండోది మీ డబ్బుకు. రెండూ చేయొచ్చు. మాత్రలు కూడా అమ్మారు కాబట్టి ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరుకూ రాయండి. తెలంగాణలోని పాఠకులు అక్కడి ఔషధ నియంత్రణ విభాగానికి రాయవచ్చు. ఇలాంటి ప్రకటనల మీద వాళ్లు దాడులు చేసి సరుకు పట్టుకుంటున్నారు. రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో (నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో) తెల్లజుట్టు లేదు, చేర్చాలని 2020లో ముసాయిదా మాత్రం వచ్చింది. అందుకని ఆ జాబితాకు సంబంధించిన మూడో సెక్షన్ రాస్తే ఫిర్యాదు తేలిపోతుంది. మందు గురించి అబద్ధపు ప్రకటన ఇవ్వడాన్ని నిషేధించే నాలుగో సెక్షన్ రాయండి. శరీర నిర్మాణాన్ని, పనితీరును మార్చడానికి ఉద్దేశించిన, ఆహారం కాని ఏ వస్తువైనా ఆ చట్టం దృష్టిలో మందే. ‘కుదుళ్ల నుంచి నల్లబడుతుంది’ అన్నాక ‘మాది కేవలం సౌందర్య సాధనం’ అని వాళ్లు తప్పించుకోవడం కష్టం. 1945 డ్రగ్స్ రూల్స్ షెడ్యూల్ ‘జె’లో బాలనెరుపు, జుట్టు రంగు మార్పు ఉన్నాయి. మందులు నయం చేస్తాయని చెప్పుకోకూడని జాబితా అది. ఆయుర్వేద ఉత్పత్తులకు అది వర్తించదని కంపెనీ వాదించవచ్చు. ఆ చర్చ అధికారులకు వదిలేయండి, మీ కేసు దాని మీద ఆధారపడలేదు.

నోటీసు అందాక వాళ్లు రాజీకి రావచ్చు. డబ్బంతా ఇస్తామంటే తీసుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు ‘ఎక్కడా ఫిర్యాదు చేయను, చేసినవి వెనక్కి తీసుకుంటాను, రివ్యూ తీసేస్తాను’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. మీ 7,200 రూపాయలకు, వైద్యం ఖర్చులకు మాత్రమే పరిమితమైన రసీదు ఇవ్వండి. ప్రాధికార సంస్థకు, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చిన ఫిర్యాదులు ప్రజల తరఫున ఇచ్చినవి. వాటిని వెనక్కి తీసుకుంటానన్న వాక్యం ఆ కాగితంలో ఉంటే కొట్టేయించాకే సంతకం పెట్టండి.