ఆరబెట్టాక ఉండలు కడుతున్నాయా? టాపిక్ మార్చకండి

ప్రశ్న: ఫార్మసీ పీజీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. ప్రాజెక్టు కోసం మందు నింపిన పీఎల్‌జీఏ (నెమ్మదిగా విరిగిపోయే ఒక పాలిమర్) మైక్రోపార్టికల్స్, అంటే సూక్ష్మ కణాలు చేస్తున్నాను. ఫ్రీజ్ డ్రయింగ్ (గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టడం) అయ్యాక నీళ్లు కలిపితే ఉండలు కడుతున్నాయి. టాపిక్ మార్చుకోవాలా? ఈ పనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: మార్చకండి. నీళ్లలో ఉంచితే పీఎల్‌జీఏ నెమ్మదిగా విరిగిపోతుంది. అందుకే 1989లో అమెరికాలో అనుమతి పొందిన లూప్రాన్ డిపో మొదలు ఈ కోవ ఇంజెక్షన్లను పొడిగా నిల్వ చేస్తారు. ఆ పొడి చెడకుండా చేయగలిగినవాళ్లకు ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలో, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్‌లో (ల్యాబ్ పద్ధతిని ఫ్యాక్టరీకి చేర్చే విభాగం) పని ఉంటుంది. అయితే "ఫ్రీజ్ డ్రయర్‌లో పాడైంది" అంటే సరిపోదు, ఏ దశలో పాడైందో చెప్పగలగాలి.

ఒకే బ్యాచ్‌ను మూడు భాగాలు చేయండి. ఒకటి కడిగిన వెంటనే, రెండోది గడ్డకట్టించి ఆరబెట్టకుండానే కరిగించి, మూడోది పూర్తిగా ఆరబెట్టి నీళ్లలో కలిపి, లేజర్ డిఫ్రాక్షన్‌లో (లేజర్ కాంతితో కొలిచే పద్ధతి) కణాల సైజు చూడండి.

రెండోదే పెద్దదైతే తప్పు గడ్డకట్టే దశది. మంచు స్ఫటికాలు పెరిగేకొద్దీ కణాలు మిగిలిన ఇరుకు జాగాలోకి నెట్టుకుపోయి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. ఆఖరి కడుగు తర్వాత 5 శాతం ట్రెహలోజ్ గానీ సుక్రోజ్ గానీ కలిపి చూడండి, అంటే 2 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములు. ముందే కలిపితే కడుగులో పోతుంది. ఈ చక్కెర గాజులా గట్టిపడి కణాల మధ్య అడ్డుగా నిలుస్తుంది. మానిటాల్ సాధారణంగా స్ఫటికమైపోతుంది. కేక్ (ఆరబెట్టాక సీసాలో మిగిలే పొడి ముద్ద) నిలబడడానికి పనికొస్తుంది గానీ అదొక్కటే చాలదు. ఇంకో సంగతి, ఈ కణాలు చూస్తుండగానే అడుక్కి దిగిపోతాయి. వయల్స్ (చిన్న గాజు సీసాలు) నింపి ఆలస్యం చేస్తే అడుగున పొరకట్టి అలాగే బిగుసుకుంటాయి. కదిపిన వెంటనే, ముందుగానే −40 డిగ్రీలకు చల్లబరిచిన షెల్ఫ్ మీద పెట్టండి. కరిగించిన నీళ్లలో మందు ఎంత బయటికొచ్చిందో కూడా కొలవండి.

మూడోదాంట్లోనే ఉండలుంటే ఆరబెట్టే దశను చూడాలి. సుక్రోజ్ వాడితే ప్రైమరీ డ్రయింగ్‌లో (మంచు ఆవిరయ్యే దశ) వయల్ లోపలి ఉష్ణోగ్రత దాదాపు −32 డిగ్రీలకు రెండు మూడు డిగ్రీలు కిందే ఉండాలి, దాటితే కేక్ కుంగుతుంది. షెల్ఫ్ అంకె చూసి ఇది తేల్చలేరు. మంచు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది కాబట్టి వయల్ లోపల అంతకంటే చల్లగా ఉంటుంది. థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే తీగ) వయల్ అడుగుకు ఆనించండి. పిరానీ గేజ్, కెపాసిటెన్స్ మానోమీటర్ రెండూ ఛాంబర్‌లో పీడనం కొలిచేవే. పిరానీ రీడింగ్ దిగి మానోమీటర్ రీడింగ్‌తో కలిస్తే మంచు అయిపోయినట్టు, అప్పటిదాకా సెకండరీ డ్రయింగ్ (మిగిలిన తేమను తీసే దశ) మొదలుపెట్టొద్దు.

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. పొడి పీఎల్‌జీఏ చాలా గ్రేడుల్లో 45–50 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. తేమో, కణాల తయారీలో వాడి మిగిలిపోయిన ద్రావకం డైక్లోరోమీథేనో ఉంటే ఇంకా ముందే మెత్తబడి కణాలు అతుక్కుంటాయి. ఆ ఉండలు ఎంత కలిపినా విడవవు. షెల్ఫ్ ఉష్ణోగ్రతను నిమిషానికి 0.1 డిగ్రీ చొప్పున 20–25 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఆపండి. తేమ కార్ల్ ఫిషర్ పరీక్షలో 1 శాతం లోపు రావాలి.

ప్రాజెక్టు ముగిసేలోగా డీఎస్‌సీ (పదార్థం ఏ ఉష్ణోగ్రతకు మెత్తబడుతుందో చూపే పరీక్ష) చేయడం, ఆ గ్రాఫు చదవడం నేర్చుకోండి. రెజ్యూమెలో "లయోఫిలైజర్ (ఫ్రీజ్ డ్రయర్) అనుభవం" అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. ఉండ ఏ దశలో కట్టింది, ఏం మార్చారు, ఆరబెట్టక ముందు, తర్వాత సైజు ఎంత అన్నవి అంకెలతో రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి.